ఏడున్నర నెలల బాబు నోరు తెరవడం లేదా? ముందు ఉగ్గు గిన్నె పక్కన పెట్టండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకి ఏడున్నర నెలలు. ఆరో నెలలో కనిగిరిలో మీ ఇంట్లోనే అన్నప్రాసన చేశారు, మర్నాటి నుంచి రాగి జావ మొదలుపెట్టారు. నాలుగు రోజులు తాగాడు. తర్వాత గిన్నె కనిపిస్తే చాలు మొహం తిప్పేస్తున్నాడు, పెదాలు బిగించేస్తున్నాడు, ఎట్లాగో లోపలికి పోస్తే కక్కేస్తున్నాడు. రాత్రీ పగలూ కలిపి తొమ్మిది పది సార్లు మీ పాలే తాగుతున్నాడు. పుట్టినప్పుడు 2.8 కిలోలు, మొన్న తూస్తే 7.3. ఇంకో నెలలో సెలవు అయిపోయి మీరు బడికి వెళ్ళాలి. వీడు ఇట్లాగే ఉంటే ఎట్లా అని మీకు నిద్ర పట్టడం లేదు.

ముందు బరువు సంగతి చెప్తాను, అది తేలితే సగం టెన్షన్ తగ్గుతుంది. పుట్టినప్పుడున్న బరువు ఐదారు నెలలకి రెట్టింపు కావాలి. మీ వాడు రెట్టింపు ఎప్పుడో దాటేశాడు. మీ దగ్గరున్న తల్లీబిడ్డల కార్డు తీసి, మగపిల్లల చార్టులో ఏడున్నర నెలల దగ్గర 7.3కి చుక్క పెట్టండి. ఆకుపచ్చ భాగంలోనే పడుతుంది. సగటు కంటే తక్కువే, అయినా ఆకుపచ్చే. ఆరు నెలలు దాటాక ఏ బిడ్డా మునుపటంత వేగంగా పెరగడు, నెలకి మూడు నాలుగు వందల గ్రాములు పెరిగితే బాగా పెరుగుతున్నట్టే. కాబట్టి 'నీ పాలు చాలడం లేదు' అని మీ అత్తగారన్న మాట మనసులో పెట్టుకోకండి. పాలు చాలని బిడ్డకి ఈ బరువు రాదు.

నేను నెల్లూరు జిల్లాలో కలిగిరి, వింజమూరు, ఉదయగిరి వైపు పల్లెల్లో ముప్పై ఏళ్ళకి పైగా ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. టీకాల రోజు తూకానికి వచ్చే తల్లులు ఎక్కువగా అడిగేది ఇదే, 'బిడ్డ ఏమీ తినడం లేదమ్మా' అని. ఏం పెడుతున్నావని తర్వాత అడిగేదాన్ని. 'ఎట్లా పెడుతున్నావో చేసి చూపించు' అని ముందు అడిగేదాన్ని. మీరు అడక్కుండానే ఆ సంగతి రాశారు, మధ్యలో ఒకే ఒక్క వాక్యం: 'అత్తయ్య కాళ్ళు చాపుకుని వాడిని పడుకోబెట్టుకుని ఉగ్గు గిన్నెతో పోస్తారు, నేను చేతులు పట్టుకుంటాను.' నేను చెప్పబోయేదంతా ఆ వాక్యం గురించే.

ఒక్కసారి వాడి వైపు నుంచి చూడండి. వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతులు కదలవు. గిన్నె ముక్కు పెదాల సందులోకి వచ్చింది, జావ వెళ్ళి నాలుక వెనక పడింది. మింగాలా ఊపిరి తీసుకోవాలా తెలిసేలోపు ఇంకో ధార. ఏడవడానికి నోరు తెరిస్తే, తెరిచాడు కదా అని ఇంకొంచెం పోస్తారు. పాలు తాగేటప్పుడు ఇట్లా ఉండదు. అక్కడ వాడిదే ఇష్టం, కావాలంటే చప్పరిస్తాడు, చాలనుకుంటే వదిలేసి తల తిప్పుకుంటాడు. తిండి దగ్గరికొచ్చేసరికి ఆ ఇష్టం పోయింది. చేతులు మీ చేతుల్లో ఉన్నాయి, తల అత్తగారి కాళ్ళ మధ్య ఉంది, వాడి అధీనంలో మిగిలింది పెదాలు. వాటిని మూసుకుంటున్నాడు. వాడికి రాగి జావ మీద కోపం లేదమ్మా, వద్దని చెప్పడానికి వాడికి ఇంకో దారి లేదు.

నా పెద్దకొడుక్కి నేనూ ఇదే చేశాను. పగలంతా ఊళ్ళు తిరిగి సాయంత్రం ఇంటికొస్తే, 'పొద్దున్నుంచి నోట్లో ఏమీ పెట్టనివ్వలేదు' అని మా అమ్మ చెప్పింది. నా మనసు ఆగలేదు. కాళ్ళ మీద వేసుకుని ముక్కు మూసి పోశాను. పొలమారింది. జావ ముక్కులోంచి వచ్చింది, వాడి కళ్ళు పైకి వెళ్ళిపోయాయి, బోర్లా తిప్పి వీపు తడితే ఎప్పటికో ఏడుపు బయటికి వచ్చింది. ఆ తర్వాత నెలన్నర పాటు గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించినా ఏడ్చేవాడు. తల్లులకి చెప్పాల్సిన నేనే అట్లా చేశానని ఇప్పటికీ బాధ ఉంది. అంగన్‌వాడీ కేంద్రంలో పిలకాయలు వరసగా కూర్చుని తింటుంటే వాడిని పక్కన కూర్చోబెట్టాను. మూడో రోజు, పక్కనున్న పాప గిన్నెలోకి వాడే చెయ్యి పెట్టాడు. చెయ్యి నోట్లో పెట్టుకున్నాడు. మేము ఎవరమూ మాట్లాడలేదు.

అందుకని మొదట మీరు చెయ్యాల్సింది ఏమిటంటే, నాలుగైదు రోజులు పెట్టడం పూర్తిగా ఆపండి. పాలు ఎప్పటిలాగే ఇవ్వండి. ఈ వయసు బిడ్డకి రోజుకి దాదాపు 600 కేలరీలు కావాలి, అందులో 400 దాకా తల్లిపాల నుంచే వస్తాయి, తిండి నుంచి కావాల్సింది 200. అంటే నాలుగు రోజులు మానేసినంత మాత్రాన వాడు చిక్కిపోడు. అయితే నాలుగు నెలలు ఆపే వీలు లేదు, దానికి కారణం ఐరన్. కడుపులో ఉన్నప్పుడు మీ దగ్గర్నుంచి తెచ్చుకున్న ఐరన్ ఆరు నెలలకి దాదాపు అయిపోతుంది, పాలలో వచ్చేది చాలా కొంచెం. వాడికి కొత్త తిండి అవసరమే. భయం పోవడానికి ఈ నాలుగు రోజులు విరామం ఇస్తున్నాం, అంతే.

ఆ నాలుగు రోజులూ ఇంట్లో మీరు భోంచేసేటప్పుడు వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. వాడికి ఏమీ పెట్టకండి. మీ కంచం వైపు చెయ్యి చాస్తే ఖాళీ స్పూన్ ఒకటి చేతికివ్వండి. దాన్ని నోట్లో పెట్టుకుంటాడు, నేలకేసి కొడతాడు, విసిరేస్తాడు. పోనివ్వండి. స్పూన్ ఆడుకునే వస్తువు అయితేనే మళ్ళీ నోటి దాకా వస్తుంది.

ఐదో రోజు పొద్దున మొదలుపెట్టండి. పాలు తాగి గంట గంటన్నర అయి ఉండాలి, నిద్ర లేచి హుషారుగా ఉండాలి. బాగా ఆకలి మీద ఉన్నప్పుడు వాడికి పాలే కావాలి, కొత్తది చూసే ఓపిక ఉండదు. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు అసలు వద్దు. వాడి వీపు మీ పొట్టకి ఆనేటట్టు ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి, ఎదురుగా మీ ఆయనో అత్తగారో కూర్చోవాలి. చేతులు వదిలెయ్యండి. చిన్న స్పూన్ చివర బఠాణీ గింజంత గుజ్జు తీసుకుని, కింది పెదవికి తగిలీ తగలనట్టు ఆపండి. ఆపడమే, లోపలికి తోయకూడదు. ఎదురుగా ఉన్నవాళ్ళు 'ఆ' అని నోరు తెరవాలి. మనసులో పది లెక్కపెట్టండి. వాడు నాలుక చాపి తాకితే అది ఆ రోజుకి విజయం. నోరు తెరిస్తే స్పూన్ నాలుక మీద పెట్టండి, పెదాలు మూసుకుని వాడే లాక్కుంటాడు. పై చిగురుకి రాసి వదిలేసే అలవాటు చాలామందికి ఉంది, అది చెయ్యకండి, అది కూడా పొయ్యడం లాంటిదే. పది లెక్కపెట్టేలోపు నోరు తెరవకపోతే స్పూన్ తీసేసి నవ్వి కబుర్లు చెప్పండి, ఇంకొకసారి చూడండి. రెండోసారీ తల తిప్పితే గిన్నె ఎత్తెయ్యండి. మొహం చిన్నబుచ్చుకోకండి, వాడు మీ మొహమే చూస్తుంటాడు. మొత్తం ఐదు నిమిషాలు, మహా అయితే పది.

మొదటి వారం రోజుకి ఇట్లా రెండుసార్లు, ప్రతిసారి రెండు మూడు చెంచాలు లోపలికి పోతే చాలు. గిన్నెలో ఒక చెంచా గుజ్జు వాడి చేతి కింద కూడా వెయ్యండి. చెయ్యి పెట్టి నలుపుతాడు, మొహానికి పూసుకుంటాడు, ఆ చెయ్యే నోట్లోకి పోతుంది. ఒంటి మీద చొక్కా తీసేసి కూర్చోబెట్టుకుంటే మీకూ చిరాకుండదు.

నాలుకతో బయటికి తోసేస్తున్నాడని రాశారు. అది ఉమ్మడం కాదు. పాలు తాగే బిడ్డ నాలుక ముందుకే కదులుతుంది, ముద్దని వెనక్కి తీసుకెళ్ళి మింగడం కొత్త విద్య, కొన్నాళ్ళు పడుతుంది. ఒక రుచిని ఒప్పుకోవడానికి కూడా ఎనిమిది పదిసార్లు, కొందరికి పదిహేనుసార్లు దాకా అది నాలుక మీద పడాలి. మూడుసార్లు పెట్టి 'వీడికి గుమ్మడికాయ పడదు' అని తేల్చేస్తాం మనం. ఒకసారి వద్దంటే రెండు రోజులాగి మళ్ళీ అదే పెట్టండి.

ఇప్పుడు ఏం పెట్టాలి అన్నది. రాగి జావ మంచిదే. కానీ గిన్నె ముక్కులోంచి జారాలని పలచగా కాస్తారు, అందులో నీళ్ళే ఎక్కువ ఉంటాయి. బిడ్డ పొట్ట కిలో బరువుకి దాదాపు 30 మిల్లీలీటర్లు పడుతుంది, మీ వాడికి రెండు వందల చిల్లర. ఆ చోటంతా నీళ్ళతో నింపితే బలం ఎక్కడిది? పప్పుకట్టు, పప్పుతేట, అన్నం గంజి అన్నీ ఇంతే. గుజ్జు ఎంత చిక్కగా ఉండాలంటే, స్పూన్ వంచితే జారకుండా కాసేపు అంటుకుని ఉండాలి.

మొదటి రోజులకి గుజ్జన్నం చాలు. రెండు చెంచాల బియ్యానికి ఒక చెంచా పెసరపప్పు, కడిగి అరగంట నానబెట్టి, ఎక్కువ నీళ్ళు పోసి కుక్కర్లో ఐదారు కూతలు రానివ్వండి. పప్పుగుత్తితో ఎనపండి. మిక్సీలో వెయ్యకండి, మిక్సీ గుజ్జు జిగురుగా బంక లాగా అవుతుంది, దానికే అలవాటు పడితే రేపు చిన్న పలుకు తగిలినా ఓకరిస్తాడు. అర చెంచా నెయ్యి. ఉప్పు వద్దు. ఏడాది నిండే దాకా వాడి తిండిలో ఉప్పు, చక్కెర, బెల్లం ఏవీ వెయ్యక్కర్లేదు. 'చప్పగా ఉంటే ఎట్లా తింటాడు' అని పెద్దవాళ్ళంటారు. ఉప్పు రుచి మనకి తెలుసు కాబట్టి మనకి చప్పన, వాడికి ఇంతవరకు బాగా తెలిసిన రుచి మీ పాలు ఒక్కటే. తేనె మాత్రం ఏడాదిలోపు నాలుక్కి రాయను కూడా రాయొద్దు, అందులో ఉండే ఒక రకం క్రిమి వల్ల పసిబిడ్డలకి ఒళ్ళంతా చచ్చుబడే జబ్బు వస్తుంది. అన్నప్రాసన పరమాన్నంలో తేనె చుక్క వేసే ఇళ్ళున్నాయి, మీ చుట్టుపక్కల ఎవరైనా ముహూర్తం పెట్టుకుంటే ఈ సంగతి చెప్పండి. ఆడపిల్లకి ఐదో నెలలోనే చేసేవాళ్ళకి కూడా నేను ఏడో నెలలో చేసుకోమనే చెప్తాను, అదీ బేసి నెలే కదా.

వారం తర్వాత ఒక్కొక్కటి కలుపుకుంటూ పోండి. ఎర్ర గుమ్మడి, క్యారెట్, గెణుసుగడ్డ ఉడికించి ఎనిపి పెట్టొచ్చు. మునగాకో పాలకూరో నాలుగు ఆకులు గుజ్జన్నంలోనే ఉడికిస్తే సరిపోతుంది. అరటిపండు, సపోటా, బాగా పండిన బొప్పాయి చేత్తో మెదిపితే చాలు.

మీ ఇంట్లో మాంసాహారం తింటారని రాశారు కాబట్టి ఇది ముఖ్యంగా చెప్తున్నాను. ఐరన్ సులువుగా ఒంటబట్టేది మాంసం, చేప, కార్జం నుంచే. ఏడాది దాకా నీచు పెట్టకూడదనే పట్టింపు మన వైపు ఎక్కువ, కానీ ఆరు నెలలు నిండిన బిడ్డకి గుడ్డు, చేప, మాంసం పెట్టొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తుంది. గట్టిగా ఉడికించిన గుడ్డు పావు ముక్కతో మొదలుపెట్టండి, పచ్చసొన తెల్లసొన రెండూ. చేపల పులుసు చేసే రోజు ఒక ముక్క పక్కకి తీసి, కారం చింతపండు తగలకుండా ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టండి. కొరమీను అయితే ముళ్ళు తక్కువ, పండుగప్ప వంజరం కూడా బాగుంటాయి. అయినా సరే రెండు వేళ్ళ మధ్య ముద్దని పూర్తిగా నలిపి, ముల్లు లేదని చేతికి తెలిసాకే అన్నంలో కలపండి. కళ్ళతో చూసి వదిలెయ్యకండి. పప్పుతో, ఆకుకూరతో పెట్టిన రోజు నాలుగు నిమ్మరసం చుక్కలు వేస్తే అందులో ఐరన్ ఇంకొంచెం ఒంటికి పడుతుంది.

వేరుశనగ గురించి మీరు భయపడుతున్నారు. గింజగా ఎప్పుడూ ఇవ్వొద్దు, నాలుగేళ్ళు దాటేవరకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. వేయించి మెత్తగా పొడి కొట్టి గుజ్జులో అర చెంచా కలిపితే మంచిదే. ఆలస్యంగా పెడితే ఎలర్జీ రాదనుకునేవాళ్ళం. 2015లో వెలువడిన లీప్ అనే అధ్యయనంలో 640 మంది పసిపిల్లల్ని ఐదేళ్ళ వయసు దాకా గమనిస్తే, చిన్నప్పటి నుంచే వేరుశనగ తిన్నవాళ్ళలోనే ఎలర్జీ బాగా తక్కువ కనిపించింది. మీ వాడికి ఒళ్ళంతా తామర లాంటిది ఉన్నా, గుడ్డు పెడితే దద్దుర్లు వచ్చినా మాత్రం ముందు డాక్టర్ని అడగాలి. కొత్తవి ఏవైనా పొద్దునపూట పెట్టండి, తేడా వస్తే పగలే తెలుస్తుంది.

రాగుల దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే మీ అత్తగారు మొలకెత్తించిన రాగుల పిండి ఇంట్లోనే చేస్తారని రాశారు. అది మీకు చాలా పనికొస్తుంది. గింజ మొలకెత్తినప్పుడు అందులో పిండిని కరిగించే ఎంజైమ్ ఒకటి పుడుతుంది. మీరు అన్నంతోనో సజ్జపిండితోనో చిక్కటి గుజ్జు చేసి, పొయ్యి మీద నుంచి దించి కొంచెం వేడి తగ్గాక, అర చెంచా ఈ మొలకల పిండి కలిపి ఐదు నిమిషాలు ఆగండి. గట్టిగా ఉన్నది కళ్ళ ముందే జారుడుగా మారుతుంది. నీళ్ళు కలపకుండానే పలచబడింది కాబట్టి బలం అంతే ఉంటుంది, మింగడం సులువవుతుంది. ఆ తర్వాత ఇంకోసారి ఒక పొంగు రానిచ్చి చల్లార్చి పెట్టండి. మరిగేటప్పుడే పిండి వేస్తే ఆ గుణం చచ్చిపోతుంది, వేడి తగ్గాకే వెయ్యాలి. ఎన్నేళ్ళు చూసినా నాకు ఇష్టమైన పని ఇది, మీ అత్తగారికి చూపించండి, ఆవిడ చేతి పిండి విలువ ఆవిడకే తెలుస్తుంది.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కూడా వాడొచ్చు, గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. చక్కెర అందులోనే ఉంది, మీరు ఇంకా వెయ్యకండి. తీపికి అలవాటు పడకుండా రోజుకి ఒక పూటకి మించనివ్వకండి.

కనిగిరి కాబట్టి నీళ్ళ గురించి ఒక మాట. మీ ప్రాంతపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే. పెద్దవాళ్ళు తాగడానికి మంచినీళ్ళు కొనుక్కుని, వంటకి మాత్రం బోరు నీళ్ళు వాడే ఇళ్ళు చాలా చూశాను. జావకి, గుజ్జుకి నీళ్ళే కదా ముఖ్యం. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇంకే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బిడ్డ వంటకి కూడా తాగే నీళ్ళే వాడండి, వాటిని క్రిములు చావడానికి మరిగించి చల్లార్చి వాడండి.

ఫోన్ చూపిస్తే నాలుగు చెంచాలు తింటున్నాడని మీ ఆయన సంతోషపడుతున్నారట. తింటాడమ్మా, ఎందుకంటే తింటున్నట్టు వాడికి తెలియదు. ఆకలి, కడుపు నిండటం రెండూ వాడు గమనించడం మానేస్తాడు. రెండేళ్ళకి ఫోన్ లేనిదే నోరు తెరవని పిలకాయలతో మా దగ్గరికి వచ్చిన తల్లులు ఏడ్చేవాళ్ళు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అరవై పల్లెల్లో ఆరు వందల మంది తల్లీబిడ్డల మీద చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. ఏం పెట్టాలో చెప్పడంతో పాటు, బిడ్డ సైగలు చూసి పెట్టడం, పెడుతూ మాట్లాడటం, ఆడించడం నేర్పిన చోట పిల్లల తిండీ మెరుగుపడింది, బుద్ధి వికాసమూ మెరుగ్గా కనిపించింది. ఫోన్ చేసే పని మీ అత్తగారి కబుర్లు చెయ్యగలవు.

ఓకరింపు చూసి మీరు హడలిపోతున్నారు. ఓకరించినప్పుడు మొహం ఎర్రబడుతుంది, దగ్గుతాడు, చప్పుడు వస్తుంది, ముద్ద ముందుకి వచ్చేస్తుంది. అది వాడి ఒళ్ళు వాడిని కాపాడుకోవడం, మీరు ఊరికే పక్కన ఉండండి, వేలు పెట్టి తియ్యబోకండి. చప్పుడు లేకపోతేనే భయపడాలి: దగ్గలేడు, ఏడవలేడు, పెదాలు నీలంగా మారతాయి. అప్పుడు మీ ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి ఉండేటట్టు పట్టుకుని, రెండు భుజాల మధ్య అరచేత్తో ఐదు దెబ్బలు గట్టిగా కొట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఐదుసార్లు నొక్కాలి. మళ్ళీ ఐదు, మళ్ళీ ఐదు. పక్కవాళ్ళని 108కి ఫోన్ చెయ్యమనండి. ఇంట్లో బిడ్డకి పెట్టే ప్రతి ఒక్కరూ ఇది ఒక బొమ్మ మీద చేసి చూసుకోవాలి.

ఎనిమిదో నెల నుంచి పలుకులు తగలనివ్వండి, తొమ్మిది నిండేసరికి చేతికి అందే ముక్కలు ఇవ్వండి. ఉప్పు కలపక ముందు తీసిపెట్టిన పిండితో వేసిన ఇడ్లీ వేళ్ళంత ముక్కలు చేసి ఇస్తే వాడే పట్టుకుని కొరుకుతాడు. పళ్ళు రాలేదని ఆగక్కర్లేదు, చిగుళ్ళు గట్టివే. పలుకుల్ని పది నెలలు దాటేదాకా తగలనివ్వని పిల్లలకి తర్వాత నమలడం నేర్పడం చాలా కష్టమవుతుంది. కొలతలు కావాలంటే: ఇప్పుడు రోజుకి రెండు మూడు పూటలు, నెమ్మదిగా పావు లీటరు గిన్నెలో సగం దాకా. తొమ్మిది నెలల నుంచి మూడు నాలుగు పూటలు, సగం గిన్నె చొప్పున, మధ్యలో ఒక పండు. వాడు సగం చాలంటే సగమే. ఏం పెట్టాలో ఎప్పుడు పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో వాడి ఇష్టం.

మీరు డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో కూడా చెప్తాను. ప్రతి ముద్దకీ దగ్గు, తిన్నాక గొంతులో గురగుర ఉంటే వెళ్ళండి. ఆకుపచ్చగా వాంతి అయితే ఆ రోజే వెళ్ళండి. వరసగా రెండు నెలలు బరువు కదలకపోయినా, ఎనిమిది నెలలకి ఆనించినా కూర్చోలేకపోయినా, అరచేతులు కనురెప్పల లోపల తెల్లగా పాలిపోయినా చూపించాలి. నోట్లో తెల్లటి మచ్చలు తుడిచినా పోకపోతే అది కూడా తిననివ్వదు, మందు వేస్తే తగ్గిపోతుంది. ఆరు నెలలు నిండింది కాబట్టి ఐరన్ సిరప్ ఇచ్చారా అని మీ ఏఎన్‌ఎంని అడగండి, వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు ఉచితంగా ఇస్తారు. విరేచనం నల్లగా వస్తే కంగారు పడకండి, సిరప్ వల్లే. ఒంట్లో ఐరన్ తగ్గితే ఆకలి కూడా చచ్చిపోతుంది, తినకపోవడానికి అది కూడా ఒక కారణం కావొచ్చు.

మీ అత్తగారితో ఎట్లా చెప్పాలని అడిగారు. ఆవిడ చేస్తున్నది ప్రేమతోనే, ఆవిడ ఇట్లాగే నలుగురిని పెంచింది, 'మీరు చేసింది తప్పు' అంటే ఆవిడకి కడుపులో చెయ్యి పెట్టి కెలికినట్టుంటుంది. 'అత్తయ్యా, గుజ్జన్నం మీరే ఎనిపి పెట్టండి, మీరు ఎదురుగా కూర్చుంటే వాడు మీ నోరు చూసి తెరుస్తాడు' అనండి. ఆ ఎదురు కుర్చీ ఆవిడదే. నేను ఇళ్ళకి వెళ్ళి ఈ పని అప్పగించాక, 'నన్ను చూసే తెరిచాడు' అని వీధంతా చెప్పుకున్న నాయనమ్మలని చాలామందిని చూశాను.

ఇక మీరు బడికి వెళ్ళడం. నెల ఉంది కదా, మొదటి రెండు వారాలు మీరు పెట్టండి, మూడో వారం నుంచి మధ్యాహ్నం పూట ఆవిడ పెట్టాలి, మీరు పక్క గదిలో ఉండండి. పాలు పిండి ఉంచండి, ఫ్రిజ్‌లో అడుగు భాగంలో లోపలికి పెడితే నాలుగు రోజులు ఉంటాయి. మన ఎండలకి బయట మాత్రం పెట్టకండి. సీసా వద్దు, చిన్న గ్లాసుతోనో స్పూన్‌తోనో పట్టమనండి. ఆవుపాలు, గేదెపాలు ఏడాది దాకా తాగడానికి వద్దు, గుజ్జులో ఒక చెంచా పెరుగు పర్వాలేదు. బడి నుంచి వచ్చాక వాడు తిండి వదిలేసి మీ మీదే పడి తాగుతాడు, రాత్రి కూడా ఎక్కువసార్లు లేస్తాడు. అది తిండి మీద అయిష్టం అనుకోకండి, పగలంతా మీరు లేరని. తాగనివ్వండి, ఆ కొన్ని వారాలు పొద్దున గుజ్జు ఒక్క పూట బాగా తిన్నా చాలు. బడికి వెళ్ళే ముందు రోజు ఒకసారి తూచి కార్డులో చుక్క పెట్టించండి, నెల తర్వాత మళ్ళీ తూచి రెండు అంకెలూ నాకు రాయండి, దాన్ని బట్టి పూటలు పెంచాలో ఆగాలో చెప్తాను.